శాసనం – ధిక్కారం: ఉత్తరాంధ్ర కథలో, పాటలో యువకార్యకర్త

సంగ్రహం: శ్రీకాకుళ ఉద్యమ నేపథ్యంలో వచ్చిన సాహిత్యాన్ని ఎక్కువగా వర్గపోరాట దృష్టితో అధ్యయనం చేశారు. అధికారం, సమ్మతి, ప్రాతినిధ్యం అనే ప్రజాస్వామ్య భావనల వైపు నుంచి ఆ సాహిత్యాన్ని చదివే ప్రయత్నం తక్కువ. రావిశాస్త్రి ‘మాయ’, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’, ‘కుట్ర’, సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ ఆధారంగా యువకార్యకర్త రూపం ఏయే విధాల నిర్మితమైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ రచనల్లో యువకుడు వరుసగా శ్రోతగా, ధిక్కారిగా, గాయకుడిగా, ముద్దాయిగా కనిపిస్తాడు. అతడు ప్రజల తరఫున మాట్లాడిన చోట కంటే, ప్రజల మాట వినిపించడానికి చోటు విడిచిన చోటనే ఈ సాహిత్యంలో ప్రజాస్వామ్య భావన బలంగా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: శ్రీకాకుళ ఉద్యమం, ప్రజాస్వామ్యం, నిర్బంధం, జముకుల కథ, యజ్ఞం, కుట్ర, ఉత్తరాంధ్ర కథ.

1. స్తంభాల మీది చరిత్ర

శ్రీకాకుళం పట్టణానికి చేరువలో, గార మండలంలో ఉన్న శ్రీకూర్మం తెలుగు పరిశోధకులకు మొదట శాసనాల ఊరు, ఆ తరువాతే క్షేత్రం. కూర్మనాథాలయ మండప స్తంభాల మీద 11వ శతాబ్దం నుంచి చెక్కిన శాసనాలు వందకు పైగా ఉన్నాయి. తూర్పు గాంగుల కాలం నాటి పాలకులు, అధికారులు, వారి కుటుంబ స్త్రీలు, వర్తకులు వాటిలో కనిపిస్తారు. ద్వైతమత చరిత్రకు ముఖ్యమైన నరహరితీర్థుల 1281 నాటి శాసనం ఇక్కడిదే. అఖండదీపానికి ఎవరు ఎన్ని ఆవులనిచ్చారు, ఏ భూమి ఏ సేవకు దత్తమైంది, ఆ ధర్మాన్ని చెరిపినవారికి ఏ పాపం తగులుతుంది అన్నవి ఈ శాసనాల్లోని ప్రధాన విషయాలు. ఆ భూమిని దున్నినవారి పేర్లు, ఆ ఆవులను కాసినవారి పేర్లు వెతికినా అరుదుగానే దొరుకుతాయి.

తెలుగులో ‘శాసనం’ అనే ఒక్క మాటకు మూడు అర్థాలున్నాయి: రాతి మీది రాత, పాలకుని ఆజ్ఞ, చట్టసభ చేసిన చట్టం. ఈ మూడింటి మధ్య ఉన్న బంధుత్వాన్ని భాష దాచలేదు. ఎవరు ఆజ్ఞాపించగలరో వారి పేరే రాతిలో నిలిచింది, వారి మాటే చట్టమైంది. 1960లలో ఈ జిల్లా మైదానంలోను, ఏజెన్సీలోను తిరిగిన యువకులు ఈ మూడు అర్థాలనూ ప్రశ్నించారు. వారికి రాతి శాసనాలు లేవు. వారి చరిత్రకు మిగిలిన ఆధారాలు పోలీసు రికార్డులు, కోర్టు కాగితాలు, బంధుమిత్రుల జ్ఞాపకాలు, సాహిత్యం. అందువల్ల ఆ సాహిత్యాన్ని వారి తరఫు శాసనంగా చదవాలనే కోరిక విమర్శకులకు కలగడం సహజం. అయితే శాసనంగా మారిన సాహిత్యం శాసనానికి ఉండే దోషాన్ని కూడా తెచ్చుకుంటుంది. చెక్కిన పేర్లు నిలుస్తాయి, చెక్కనివి మరుగున పడతాయి. ఈ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకునే ఆ రచనలను చదవవలసి ఉంది.

2. నేపథ్యం: అత్యవసర పరిస్థితికి ముందరి నిర్బంధం

భారతదేశంలో నియంతృత్వం గురించిన సాహిత్య చర్చ సాధారణంగా 1975 జూన్ 25తో మొదలై 1977 మార్చితో ముగుస్తుంది. ఉత్తరాంధ్ర విషయంలో ఈ కాలవిభజన సరిపోదు. పార్వతీపురం ఏజెన్సీలో సవరలు, జాతాపులు వడ్డీ అప్పులకు, వెట్టికి, అటవీ ఉత్పత్తుల ధరల మోసానికి వ్యతిరేకంగా గిరిజన సంఘంగా ఏర్పడినప్పుడు వారు అడిగినవి ఎక్కువగా అప్పటికే చట్టంలో ఉన్న హక్కులు. బడిపంతులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం వంటివారు ఆ సంఘాన్ని నిర్మించారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరపగా కోరన్న, మంగన్న మరణించారు. నిందితులు తరువాత కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. సభకు వెళ్ళే హక్కు, న్యాయస్థానం మీద నమ్మకం అనే రెండు ప్రజాస్వామ్య మార్గాలు మూసుకుపోయిన తరువాతే, 1968 చివర ఉద్యమం సాయుధ మార్గం పట్టింది. ఈ వరుసక్రమం సాహిత్య పఠనానికి ముఖ్యం.

1969లో ఈ ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. ‘ఎన్‌కౌంటర్’ అనే మాట తెలుగు పత్రికా భాషలో తన కొత్త అర్థంతో స్థిరపడింది ఈ కాలంలోనే. బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తి 1969 మే నెలలోను, సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల అదే సంవత్సరం డిసెంబరులోను, సత్యనారాయణ, కైలాసం 1970 జూలై 10న పోలీసుల చేతిలో మరణించారు. దేశమంతటికీ అత్యవసర పరిస్థితి రావడానికి ఆరేళ్ళ ముందే ఈ జిల్లా దానిని అనుభవించింది. 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకుల మరణాన్ని 1977లో తార్కుండే కమిటీ విచారించినప్పుడు బయటపడిన పద్ధతి శ్రీకాకుళానికి కొత్తది కాదు.

3. శ్రోత: ‘మాయ’లోని ప్లీడరు

ఉద్యమానికి ముందే, 1960ల తొలినాళ్ళలో, రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ రాశారు. వాటిలో ఒకటైన ‘మాయ’లో కొత్తగా వృత్తిలో చేరిన ప్లీడరు మూర్తికి సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ఎదురవుతుంది. చదువుకున్న యువకుడు నిరుపేద స్త్రీకి చట్టం చెప్పవలసిన సన్నివేశం అది. కథ దానిని తిరగేసింది. ముత్యాలమ్మే అతనికి కోర్టు, పోలీసు, డబ్బు కలిసి నడిచే తీరును వివరిస్తుంది. ఆమె మాండలికమే కథకు ప్రధాన కథనస్వరం అవుతుంది. మూర్తి విని, తన చదువు తనకు ఏమి నేర్పలేదో తెలుసుకుంటాడు.

విమర్శకులు ఈ కథలో వ్యంగ్యాన్ని, ఉపమానాల సంపదను చాలాసార్లు వివరించారు. శ్రోత స్థానం గురించిన చర్చ అంతగా జరగలేదు. ఆధునిక తెలుగు సాహిత్యంలో విద్యావంతుడైన యువకుడు సాధారణంగా సంస్కర్త, అంటే చెప్పేవాడు. ‘మాయ’లో అతడు వినేవాడయ్యాడు. ఈ మార్పునకు భాషాపరమైన పూర్వరంగం కూడా ఈ ప్రాంతానిదే. గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకున్న తరువాతనే వారి పిల్లలకు చదువు చెప్పించే ప్రయత్నం చేశారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. వ్యావహారిక భాషావాదానికి వెనుక ఉన్న ఈ వినే సంస్కారాన్ని రావిశాస్త్రి కథన పద్ధతిగా మార్చారు. ఏజెన్సీకి వెళ్ళిన బడిపంతుళ్ళు పాటించవలసి వచ్చింది కూడా ఇదే క్రమాన్ని. ముందు వినడం, తరువాత సంఘం.

4. ధిక్కారి: ‘యజ్ఞం’లో పంచాయితీ, సమ్మతి

కాళీపట్నం రామారావు 1964లో రాసిన ‘యజ్ఞం’లో కార్యకర్త లేడు, పార్టీ లేదు, నినాదం లేదు. సుందరపాలెం అనే ఊరు, ఒక అప్పు తగాదా, దానిపై జరిగే పంచాయితీ మాత్రమే ఉన్నాయి. అప్పల్రాముడు షావుకారు గోపన్నకు బాకీ పడ్డాడు. పెద్దమనిషి శ్రీరాములు నాయుడు గాంధేయ సంస్కారం కలవాడు, ఊరి అభివృద్ధికి పాటుపడినవాడు. పంచాయితీలో ఎవరినీ నోరు మూయించరు. బాకీదారు తన కష్టమంతా చెప్పుకునే అవకాశం పొందుతాడు. ఊరికి రోడ్డు, బడి వచ్చిన కాలంలోనే తన కుటుంబం ఎలా చితికిపోయిందో అప్పల్రాముడు చేసే దీర్ఘ ప్రసంగం తెలుగు కథలో ఆర్థిక చరిత్రను పాత్ర నోట పలికించిన అరుదైన సందర్భం. అంతా విన్న తరువాత కూడా తీర్పు మారదు. అప్పు అప్పే. అప్పల్రాముడు ఒప్పుకుంటాడు.

ప్రజాస్వామ్య దృష్టికి కథలోని అసలు సమస్య ఈ ఒప్పుకోలే. ఇక్కడ దౌర్జన్యం లేదు, బెదిరింపు లేదు, ప్రక్రియలో లోపం లేదు. అందరూ మాట్లాడారు, పెద్దలు ఓపికగా విన్నారు, బాధితుడు స్వయంగా సరేనన్నాడు. ప్రజాస్వామ్య రూపమంతా పాటించిన తరువాత ఫలితం భూమి కోల్పోవడం, తరువాతి తరం పాలేరుతనం. ‘మాట్లాడే హక్కు’కు, ‘మాటకు విలువ ఉండే హక్కు’కు మధ్య ఉన్న అగాధాన్ని ఈ పంచాయితీ చూపుతుంది. నియంతను దుష్టుడిగా చిత్రించడం తేలిక. శ్రీరాములు నాయుడు వంటి మంచివాడి చేత అన్యాయాన్ని న్యాయబద్ధంగా జరిపించడం కష్టమైన పని. ఆ కష్టాన్ని రచయిత ఎన్నుకున్నారు.

ఈ సమ్మతిని భంగపరిచేవాడు అప్పల్రాముడి కొడుకు సీతారాముడు. తన బిడ్డ బానిసగా బతకకూడదని, ఆ పసివాడిని చంపి పంచాయితీ ముందు పెడతాడు. ఈ ముగింపుపై తెలుగు విమర్శలో సుదీర్ఘ చర్చ జరిగింది. చంపవలసినవాడిని వదిలి బిడ్డను చంపడమేమిటన్నది ఒక ఆక్షేపణ. అది నిరాశావాదమన్నది మరొకటి. సమ్మతి దృష్టితో చూస్తే ఈ ముగింపుకు వేరొక అర్థం వస్తుంది. సీతారాముడికి పంచాయితీలో మాట లేదు. తండ్రి ఇచ్చిన మాట అతడినీ, అతడి సంతానాన్నీ కట్టివేస్తుంది. పుట్టని ఒప్పందానికి కట్టుబడవలసిన తరానికి ప్రతినిధిగా అతడు ఆ ఒప్పందం మీద ఉన్న తరువాతి పేరును కొట్టివేస్తాడు. ఈ చర్యను కథ సమర్థించదు. దాని భీకరత్వాన్ని తగ్గించదు. మాటకు విలువ లేని చోట ధిక్కారం ఎంత వికృత రూపం దాల్చగలదో చూపి ఆగిపోతుంది. ‘యజ్ఞం’ అనే శీర్షికలోని వ్యంగ్యం కూడా ఇక్కడే పనిచేస్తుంది. యజ్ఞఫలం యజమానికి, బలి మరొకరి ఇంటినుంచి.

నాలుగేళ్ళ తరువాత ఈ జిల్లాలోనే తలెత్తిన ఉద్యమానికి ‘యజ్ఞం’ జోస్యమని చెప్పడం పరిపాటి. జోస్యమనడం కంటే హెచ్చరిక అనడం సమంజసం. ఆ హెచ్చరిక పాలకులకు మాత్రమే పరిమితం కాదు. తీరని కోపం తన ఇంటి బిడ్డల మీదనే పడుతుందనే మాట ఉద్యమానికీ వర్తిస్తుంది.

5. గాయకుడు: జముకుల కథ

సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడులో ఆలయ అర్చకుడు. ఒడియా, తెలుగు రెండూ వినిపించే సరిహద్దు సీమ అది. జముకు ఉత్తరాంధ్ర జానపద వాద్యం. తోలు బిగించి, దానినుంచి తీసిన తీగను మీటి మోగిస్తారు. జముకుల కథను ప్రధాన కథకుడు, అతనికి వంత పలికేవారు కలిసి రాత్రిపూట గ్రామ దేవతల కథలుగా, వీరగాథలుగా చెప్పేవారు. పాణిగ్రాహి ఆ ప్రదర్శన రూపంలో రైతుల, గిరిజనుల సమకాలిక కథను నింపారు.

ప్రక్రియను పార్టీ ప్రచారానికి వాడుకోవడంగా మాత్రమే దీనిని చూస్తే ఒక ముఖ్యాంశం తప్పిపోతుంది. జముకుల కథలో వంత పాత్ర అలంకారం కాదు. వంత పలికేవారు అడ్డుపడి ప్రశ్నిస్తారు, హాస్యమాడతారు, తిరిగి చెప్పమంటారు. శ్రోతలకు బదులుగా వారు సందేహాలు వెలిబుచ్చుతారు. శ్రీకూర్మం స్తంభం మీది రాతను చదివేవాడు ప్రశ్నించలేడు. చెరిపితే పాపం తగులుతుందని ఆ శాసనమే చెబుతుంది. జముకుల కథలో ప్రతి ప్రదర్శనా కొంత చెరిపివేత, కొంత కొత్త రాత. అర్చకుడు గర్భగుడి నుంచి రచ్చబండకు రావడంలో ఉన్న సామాజిక అర్థం ఈ రూపభేదంలో స్పష్టమవుతుంది.

అయితే పాణిగ్రాహి మరణానంతరం ఈ సంభాషణా లక్షణం క్రమంగా తగ్గింది. ఆయన జ్ఞాపకంగా వెలువడిన కవిత్వంలో, పాటల్లో చాలా భాగం స్తుతిరూపం ధరించింది. వీరుడి పేరు, నెత్తురు, సూర్యోదయం అనే మూడు సంకేతాల చుట్టూ అది తిరిగింది. వంతకు చోటు పోయి కథకుడి స్వరం ఒక్కటే మిగిలింది. తక్షణ దుఃఖంలో పుట్టిన ఈ కవిత్వాన్ని నిందించనవసరం లేదు. కాని ప్రశ్నించే వంతను కోల్పోయిన గానం మళ్ళీ శాసనం వైపు జరిగిందన్న విషయాన్ని గుర్తించడం అవసరం.

సంభాషణ మరోచోట కొనసాగింది. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల సందర్భంగా విద్యార్థులు ఒక కరపత్రం పంచారు. శ్రీకాకుళంలో జరుగుతున్నదాని ఎదుట రచయితలు ఏ పక్షాన నిలుస్తారని అందులో నిలదీశారు. అదే సంవత్సరం జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడటానికి ఆ ప్రశ్న ఒక ప్రేరణ అయింది. సన్మానసభలో పెద్దలను ప్రశ్నించిన ఆ విద్యార్థులు జముకుల కథలోని వంత పనే చేశారు. అక్కడ కరపత్రంలోని జవాబు కంటే ప్రశ్నే సాహిత్య చరిత్రను ఎక్కువగా కదిలించింది.

6. ముద్దాయి: ‘కుట్ర’

పార్వతీపురం కుట్ర కేసు నేపథ్యంగా కాళీపట్నం రామారావు రాసిన ‘కుట్ర’ కథనం కంటే వాదన ఎక్కువగా ఉన్న కథ. ప్రభుత్వం యువకుల మీద మోపిన ‘కుట్ర’ అనే మాటను తీసుకుని, కుట్ర అసలు ఎక్కడ జరిగిందన్న ప్రశ్నను అది పైకి తెస్తుంది. స్వతంత్ర భారతం ప్రజలకు చేసిన వాగ్దానాలు, ప్రణాళికాబద్ధమైన మిశ్రమ ఆర్థిక వ్యవస్థ, ప్రభుత్వ రంగం ఖర్చుతో ప్రైవేటు రంగం బలపడిన తీరు ఆ వాదనకు విషయాలు. ఒక చట్టపదాన్ని విప్పి, దానిని ప్రయోగించినవారి మీదికే తిప్పడం దీని శిల్పం.

ఈ కథను తరిమెల నాగిరెడ్డి కోర్టు వాంగ్మూలంతో పోల్చి చదవవలసి ఉంది. 1969లో శాసనసభ సభ్యత్వాన్ని వదులుకున్న నాగిరెడ్డి తనపై నడిచిన కుట్ర కేసులో న్యాయస్థానం ఎదుట ఇచ్చిన వాంగ్మూలమే ‘తాకట్టులో భారతదేశం’ గ్రంథం. శ్రీకాకుళ నాయకత్వపు పంథాను విమర్శించిన నాగిరెడ్డి, ఆ ఉద్యమం పట్ల సానుభూతితో రాసిన రామారావు ఒకే రూపాన్ని చేపట్టారు. ఇద్దరూ ముద్దాయి బోనును ఆర్థికశాస్త్ర వేదికగా మార్చారు. రాజ్యం బహిరంగ సభను నిషేధించినప్పుడు మిగిలే చివరి బహిరంగ స్థలం న్యాయస్థానమేనన్న గ్రహింపు రెండింటిలోనూ ఉంది. చట్టాన్ని నమ్మనివారు కూడా చట్టం కల్పించిన ఈ స్థలాన్ని వినియోగించుకున్నారన్నది ఆలోచించదగ్గ వైరుధ్యం.

‘కుట్ర’ పరిమితి కూడా ఇక్కడే ఉంది. వాదన ముద్దాయిల పక్షాన నడుస్తుంది గాని ముద్దాయి మనిషిగా మనకు ఎదురుకాడు. అతడి వయసు, భయం, ఇల్లు, సందేహం కథకు వెలుపలే ఉండిపోతాయి. బెంగాలీలో మహాశ్వేతాదేవి 1974 నాటి ‘హజార్ చురాశిర్ మా’ నవలలో మరణించిన యువకుడు వ్రతి కూడా ప్రత్యక్షంగా కనిపించడు. కాని శవాగారంలో కొడుకును సంఖ్యగా చూసిన తల్లి సుజాత అతడు ఎవరో వెతుక్కుంటూ బయలుదేరుతుంది. ఆ అన్వేషణలో అతడు తిరిగి మనిషి అవుతాడు. శ్రీకాకుళ సాహిత్యంలో ఇటువంటి అన్వేషణ లోపించింది. యువకుడు ఒకవైపు వాదనగా, మరొకవైపు విగ్రహంగా మారాడు.

7. మౌనాలు

ఈ సాహిత్యంలో రెండు మౌనాలు పరిశోధకులు పట్టించుకోవలసినవి. మొదటిది స్త్రీల విషయంలో. మందస జమీందారీ రైతుల పోరాటంలో 1940 ఏప్రిల్ 1న కాల్పుల్లో మరణించిన సాసుమాన గున్నమ్మ నుంచి పంచాది నిర్మల వరకు ఈ ప్రాంత ఉద్యమాల్లో స్త్రీలు ముందు వరుసలో ఉన్నారు. సాహిత్యంలో వారు ఎక్కువగా వీరమాతలు, వీరపత్నులు. తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల అనుభవాలను ‘మనకు తెలియని మన చరిత్ర’ వారి మాటల్లోనే నమోదు చేసినప్పుడు, పోరాటం లోపలి అసమానతలు కూడా వెలుగు చూశాయి. శ్రీకాకుళ స్త్రీల విషయంలో అంతటి సమగ్రమైన పని జరగవలసే ఉంది. కల్పనాసాహిత్యంలో ఇందుకు కొంత పరిహారంగా నిలిచేది కాళీపట్నం ‘జీవధార’. బంగళా గేటు ముందు నీళ్ళ కోసం నిలబడిన పేటలోని ఆడవాళ్ళు బతిమాలడం దగ్గర మొదలై హక్కుగా తీసుకోవడం దాకా నడుస్తారు. వారికి నాయకుడు లేడు. సమష్టి నిర్ణయం వాళ్ళ మాటల మధ్యనే రూపొందుతుంది. కార్యకర్త లేని ఈ కథ ప్రజాస్వామ్య ఆచరణకు ఈ సాహిత్యంలో అత్యంత సమీపంగా వచ్చిన చిత్రణ.

రెండవ మౌనం హింస విషయంలో. ఉద్యమం ఎన్నికలను బహిష్కరించింది, వర్గశత్రు నిర్మూలన మార్గాన్ని అనుసరించింది. ప్రజల పేరిట ఒక చిన్న దళం తీర్పు చెప్పి దానిని అమలు చేయడం ప్రజాస్వామ్యమా అన్న ప్రశ్నను విప్లవోద్యమంలోని ఇతర పాయలే ఆనాడు లేవనెత్తాయి. సాహిత్యం ఆ ప్రశ్నను దాదాపుగా దాటవేసింది. రాజ్యం చేసిన హత్యల పరిమాణం ముందు ఆ ప్రశ్న అడగడం ద్రోహంగా తోచి ఉండవచ్చు. అయినా సుందరపాలెం పంచాయితీలో తీర్పు చెప్పే అధికారం ఎవరిచ్చారని అడిగిన సాహిత్య సంప్రదాయం అదే ప్రశ్నను ఇటువైపు అడగకపోవడం లోటే. నియంతృత్వ వ్యతిరేకతకు పరీక్ష ఎదుటివారి అధికారాన్ని ప్రశ్నించడంతో పూర్తికాదు.

8. ముగింపు

పరిశీలించిన నాలుగు రూపాల్లో శ్రోత, ధిక్కారి ఉద్యమానికి ముందరి రచనల్లోనివి. గాయకుడు, ముద్దాయి ఉద్యమకాలం నాటివి. నిర్బంధం తీవ్రమైన కొద్దీ యువకార్యకర్త మాట పెరిగి, అతడి చుట్టూ ఉన్నవారి మాట తగ్గింది. ఇది రచయితల శక్తిలోపమని చెప్పడం అన్యాయం. సభలు, పత్రికలు, బతికి ఉండే హక్కు లేని చోట సాహిత్యం మీద శాసనం పని పడుతుంది. పేర్లు చెరిగిపోకుండా చూడటమే దాని మొదటి బాధ్యత అవుతుంది. సంభాషణ ఆ తరువాతి మాట. నిర్బంధం మనుషులను చంపడమే కాక సాహిత్యంలోని వంతను కూడా మూగబోయేట్టు చేస్తుందనడానికి శ్రీకాకుళం ఒక ఉదాహరణ.

ఈ చర్చ గడిచిన కాలానికి పరిమితమైనది కాదు. సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని స్థానిక రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ఆందోళనకారులు మరణించారు. ఆ రోజునే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రం అనుమతిని రద్దు చేసింది. ఒకే రోజున వీధిలో తూటా, ఢిల్లీలో తీర్పు. ప్రజాభిప్రాయ సేకరణ పేరిట ఈనాడు జరిగే సభల్లో కూడా అందరూ మాట్లాడతారు, అధికారులు నమోదు చేసుకుంటారు. ఆ మాటకు విలువ ఎంత అన్నది ‘యజ్ఞం’ అడిగిన ప్రశ్నే. కాళీపట్నం 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలన్నిటికీ, ప్రసిద్ధుల కథలతోపాటు మరుగునపడినవారి కథలకూ చోటిచ్చింది. శ్రీకూర్మం స్తంభాలకు ఇరవై కిలోమీటర్లలోపే ఉన్న ఈ ఇల్లు, ఎవరి మాట భద్రపరచదగినది అన్న పాత ప్రశ్నకు వేరొక సమాధానం. శ్రీకాకుళ ఉద్యమ సాహిత్యంపై తరువాతి పరిశోధన వీరుల పేర్ల జాబితాను పెంచడంతో తృప్తిపడక, ఆ వీరుల పక్కన నిలబడి ప్రశ్నించిన వంత గొంతులను వెతకడం వైపు సాగవలసి ఉంది.